పాత గార్డెన్ ట్రాక్టర్‌కి 10 అంగుళాల రెక్కనాగలి: ముందు హిచ్ చూడండి, తర్వాతే కర్రు

అమెరికాలో పాత సామాన్లు అమ్మే సైట్లలో "ప్లౌ బ్లేడ్" అని కొడితే సగానికి సగం మంచు తోసే బ్లేడ్లే వస్తాయి. ట్రాక్టర్ ముందు బిగించి డ్రైవ్‌వే మీద మంచును పక్కకు నెట్టే వంపు రేకులవి. దున్నడానికి పనికిరావు. మంచు తోసేదానికీ మట్టి తిరగేసేదానికీ అక్కడ ఒకటే మాట కాబట్టి, ఫొటో చూడకుండా ఫోన్ చేసి బేరం మొదలుపెట్టకండి. ఇక్కడ చెప్పబోయేది రెండోదాని గురించి. వెనక తగిలించి, మట్టిని పెళ్ళగా కోసి బోర్లించే రెక్కనాగలి గురించి.

పెరట్లో వెయ్యి, రెండు వేల చదరపు అడుగుల్లో గోంగూర, బెండ, సొర పెట్టుకునేవాళ్ళకు పాత ఐహెచ్ (ఇంటర్నేషనల్ హార్వెస్టర్) కబ్ క్యాడెట్టో, జాన్ డీర్ 110 లేదా 318 మోడలో, వీల్ హార్సో చవగ్గా దొరికితే తర్వాత వచ్చే ప్రశ్న ఒక్కటే: దీనికి ఏ నాగలి పడుతుంది? ఒక్క ముక్కలో కావాలంటే, స్లీవ్ హిచ్ ఉన్న 10 అంగుళాల బ్రిన్లీ నాగలి. హిచ్ అంటే ట్రాక్టర్ వెనక నాగలిని తగిలించే బిగింపు, స్లీవ్ అందులో ఒక రకం. ఈ తరగతి ట్రాక్టర్లకు దీన్ని మించింది లేదు. ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. ఆ అర మార్కు ఎందుకు పోయిందో కోల్టర్ దగ్గర, అంటే కర్రు ముందు పచ్చికను కోసే చక్రం దగ్గర చెబుతాం.

బ్రిన్లీ-హార్డీ కెంటకీలో పుట్టిన కంపెనీ. 1839 నుంచి నాగళ్ళు చేస్తున్నామని చెప్పుకుంటారు. అంటే జాన్ డీర్ ఇల్లినాయ్‌లోని గ్రాండ్ డీటూర్‌లో స్టీలు నాగలి చేసిన 1837కి రెండేళ్ళ తర్వాత. గార్డెన్ ట్రాక్టర్లకు వీళ్ళు 8, 10, 12 అంగుళాల నాగళ్ళు చేశారు. ఎక్కువగా కంటపడేది 10 అంగుళాలదే, పీపీ-510 అనే మోడల్. ఇక్కడ అంగుళాలంటే నాగలి పొడవు కాదు, ఒక్క చాలులో అది కోసే మట్టిపెళ్ళ వెడల్పు.

చాలామంది ఇంజిన్ మీది హార్స్‌పవర్ స్టిక్కర్ చూసి నాగలి ఎంచుకుంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది. లెక్క చేసి చూడండి. నాగలి లాగడానికి పట్టే బలం కోసే మట్టి అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు అంటే 50 చదరపు అంగుళాలు. ఇసుక నేలలో చదరపు అంగుళానికి 3 పౌండ్ల బలం చాలు. మామూలు గరప నేలలో 6 దాకా పడుతుంది. జిగట బంకమట్టిలో 10 కూడా దాటుతుంది. గరప నేలకు 50ని 6తో గుణిస్తే 300 పౌండ్లు. గంటకు 2 మైళ్ళ వేగంతో 300 పౌండ్లు లాగడానికి కావలసిన పవర్ 300 ఇంటూ 2 బై 375 (పౌండ్లు, మైళ్ళను హార్స్‌పవర్‌లోకి మార్చే అంకె), అంటే రెండు హార్స్‌పవర్ కూడా కాదు. గేర్లలో, టైర్లలో ఎంత పోయినా 10 హార్స్‌పవర్ కోహ్లర్ కె241 ఇంజిన్‌కి అది లెక్కలోకి రాదు.

మరి ఎక్కడ ఆగుతుంది? టైరు పట్టు దగ్గర. ట్రాక్టర్ 700 పౌండ్లు, నడిపేవాడు 180, వెనక చక్రాలకు చెరో 50 పౌండ్ల ఇనుప బరువు అనుకుందాం. ఇందులో వెనక టైర్ల మీద పడేది సుమారు 650. దున్నే నేల మీద ఆ బరువులో సగం లాగగలిగితే గొప్ప. అంటే 325 పౌండ్లు. 10 అంగుళాల నాగలికి గరప నేలలో సరిగ్గా సరిపోయింది. అదే ట్రాక్టర్‌కి 12 అంగుళాలది తగిలించి 6 అంగుళాల లోతు దింపితే 72 చదరపు అంగుళాలు, 432 పౌండ్లు. ఇంజిన్ గట్టిగానే ఉంటుంది, చక్రాలు మాత్రం ఉన్నచోటే తిరిగి గుంట తవ్వుతాయి. కాబట్టి 12 అంగుళాలది జాన్ డీర్ 318 లాంటి బరువైనవాటికి, అదీ వెడల్పు టైర్లు, అదనపు బరువు ఉంటేనే. 1961లో వచ్చిన మొట్టమొదటి 7 హార్స్‌పవర్ కబ్ క్యాడెట్ లాంటి తేలికైనవాటికి 8 అంగుళాలది, 4 అంగుళాల లోతు. అంతకుమించి ఆశపడొద్దు.

టైరు వెడల్పు రెండో లెక్క. దీన్ని అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు. రెక్కనాగలి మట్టిని కుడివైపు బోర్లిస్తుంది. తర్వాతి చాలులో ట్రాక్టర్ కుడి చక్రాలు ఇందాకటి చాలులో దిగి నడవాలి. చాలు వెడల్పు 10 అంగుళాలు. 23x8.50-12 టైరు (మధ్య అంకె టైరు వెడల్పు, అంగుళాల్లో) అందులో హాయిగా పడుతుంది. 23x10.50-12 టైరు పట్టదు. ఒక అంచు బోర్లించిన మట్టి మీదికెక్కి, ఇప్పుడే తిరగేసినదాన్ని మళ్ళీ అణగదొక్కుతుంది. 10.50 టైర్లు ఉన్న ట్రాక్టర్ కొన్నారంటే 10 అంగుళాల నాగలితో పని కాస్త వంకరగానే ఉంటుందని ముందే ఒప్పుకోవాలి.

టేపు పట్టుకుని ఇంకొక్కటి కొలవండి. రెండు వెనక టైర్ల లోపలి గోడల మధ్య దూరం. అది 20 అంగుళాలు వచ్చిందనుకోండి. ట్రాక్టర్ నడిమధ్య నుంచి కుడి టైరు లోపలి గోడకు 10 అంగుళాలు. కుడి టైరు చాలు గోడను ఆనుకుని నడుస్తుంది, నాగలి ఆ గోడ నుంచి ఎడమకు 10 అంగుళాలు కోయాలి. అంటే నాగలి ఎడమ పక్క, కోయని మట్టి గోడను ఆనుకుని జారే పట్టీ, దాని పేరు ల్యాండ్‌సైడ్, సరిగ్గా ట్రాక్టర్ మధ్య గీత మీద నడవాలి. హిచ్ మధ్యలోనే ఉంది కాబట్టి అన్నీ కలిశాయి. 10 అంగుళాలది ఈ ట్రాక్టర్లకు అంతగా కుదరడానికి కారణం ఇదే. అదే దూరం 24 అంగుళాలైతే నాగలిని 2 అంగుళాలు కుడికి జరపాలి. లేకపోతే ఒక్కో చాలులో 2 అంగుళాల మట్టి కోయకుండా మిగిలిపోతుంది, బోర్లిన పెళ్ళ కింద దాక్కుంటుంది, గడ్డి అక్కణ్ణుంచే మళ్ళీ లేస్తుంది. కొన్ని ట్రాక్టర్లలో వెనక చక్రాలు తిరగేసి బిగిస్తే ఈ దూరం మారుతుంది. డబ్బు పెట్టేముందు అది ప్రయత్నించండి.

హిచ్ సంగతి

నాగలి ఎంత బాగున్నా హిచ్ కుదరకపోతే గరాజ్ గోడకు అలంకారమే. ఈ ట్రాక్టర్లలో ప్రధానంగా కనిపించేవి రెండు.

మొదటిది స్లీవ్ హిచ్. ట్రాక్టర్ వెనక ఒక ఇనుప బ్రాకెట్, అందులో నాగలి మెడ దూరుతుంది, నిలువుగా ఒక్క పిన్ను దిగుతుంది. అంతే. బ్రిన్లీ వాడిన ఈ పద్ధతినే సియర్స్ ట్రాక్టర్లతో సహా చాలా కంపెనీలు తీసుకున్నాయి, అందుకే బజార్లో దొరికే పాత నాగళ్ళలో ఎక్కువ దీనికే పడతాయి. తగిలించడానికి రెండు నిమిషాలు, విప్పడానికి ఒకటి. ఇందులో చూడాల్సింది పిన్ను రంధ్రం. నలభై యాభై ఏళ్ళు లాగి లాగి గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. పిన్ను పెట్టి కదిపితే నాగలి కొస అంగుళానికి మించి అటూఇటూ ఊగుతుంటే ఆ హిచ్‌తో చాలు తిన్నగా రాదు. బుష్ వేయించుకోవచ్చు, కానీ ధర తగ్గించమని అడగండి.

రెండోది కేటగిరీ 0 త్రీ-పాయింట్. కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింక్. కింది పిన్నులు 5/8 అంగుళం, రెండింటి మధ్య 20 అంగుళాలు. మన పెద్ద ట్రాక్టర్ల వెనక ఉండేదానికి ఇది తమ్ముడు. కేటగిరీ 1లో కింది పిన్ను 7/8 అంగుళం కాబట్టి దానికి చేసిన నాగలి దీనికి పట్టదు, పట్టించినా ఈ ట్రాక్టర్ లాగలేదు. త్రీ-పాయింట్ గొప్పతనం సర్దుబాటులో ఉంది. టాప్ లింక్ తిప్పితే కర్రు ముక్కు కిందికి దిగుతుంది, పక్క రాడ్డు తిప్పితే నాగలి వాలు మారుతుంది, రెంచి అక్కర్లేదు. డబ్బు, ఓపిక ఉంటే ఇదే మేలు. కానీ పాత ట్రాక్టర్‌కి అసలు త్రీ-పాయింట్ సెట్టు విడిగా వెతికి కొనాలంటే నాగలి కంటే అదే ఎక్కువ పలుకుతుంది.

కబ్ క్యాడెట్‌లో వెనక హిచ్‌ని ఎత్తేది ముందున్న లిఫ్ట్ షాఫ్ట్ నుంచి పొడవునా వెనక్కి వచ్చే ఒక రాడ్డు. అమ్మేవాళ్ళ దగ్గర ఎక్కువగా గల్లంతయ్యేది అదే. హిచ్ ఉంటుంది, నాగలి ఉంటుంది, రాడ్డు ఉండదు. 1971లో వచ్చిన 108, 109, 128, 129 వగైరా మోడళ్ళ నుంచి ఫ్రేము వెడల్పైంది. అంతకుముందువాటికి అభిమానులు నారో ఫ్రేమ్ అని పేరు పెట్టుకున్నారు. ఒకదాని బ్రాకెట్లు ఇంకోదానికి తిన్నగా కూర్చుంటాయని నమ్మి పోస్టులో తెప్పించకండి, మోడల్ నంబరు చెప్పి అడగండి. ట్రాక్టర్‌గా మాత్రం దున్నడానికి ఇది చాలా నచ్చుతుంది. 1961 నాటి మొట్టమొదటి మోడల్ తప్ప మిగతావాటిలో ఇంజిన్ నుంచి వెనక్కి బెల్టు లేదు, డ్రైవ్‌షాఫ్ట్ ఉంది. వెనక గేర్ పెట్టె ఫార్మాల్ కబ్ అనే అసలు పొలం ట్రాక్టర్ నుంచి వచ్చింది.

జాన్ డీర్ 110, 1963లో మొదలైంది. దీనిలో వేగం మార్చే బెల్టు ఉంటుంది. బరువు పడ్డప్పుడు ముందు జారేది ఆ బెల్టే. దాన్ని లోపం అనుకోనక్కర్లేదు, రాయి తగిలినప్పుడు గేర్లను కాపాడేది కూడా అదే. పాత బెల్టుతో మాత్రం దున్నడానికి దిగొద్దు. 1968 నుంచి వచ్చిన 140 హైడ్రోస్టాటిక్, అంటే గేర్లు మార్చే పని లేకుండా నూనె ఒత్తిడితో నడిచేది. హెచ్1, హెచ్3 అని రాసి ఉంటుంది, ఆ అంకె హైడ్రాలిక్ లీవర్ల సంఖ్య. నాగలికి హెచ్1 చాలు. 1983 నుంచి 1992 దాకా వచ్చిన 318లో 18 హార్స్‌పవర్ ఓనాన్ ఇంజిన్, హైడ్రాలిక్ లిఫ్ట్. నాగలిని వేలితో ఎత్తి దింపొచ్చు. చేతి లీవరుతో రోజుకు అరవైసార్లు నాగలి ఎత్తినవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది.

వీల్ హార్స్‌తో కాస్త జాగ్రత్త. దీనికి స్లాట్ హిచ్ అని ఒకటి, క్లెవిస్ హిచ్ అని ఒకటి ఉన్నాయి. బ్రిన్లీ తరహా నాగలికి క్లెవిస్ హిచ్ కావాలి. ఫొటోలో ఎర్ర రంగు చూసి "వీల్ హార్స్ హిచ్" అని కొంటే తప్పుది వస్తుంది. కంపెనీ 1974లో అమెరికన్ మోటర్స్ చేతికి, 1986లో టోరో చేతికి వెళ్ళింది. కానీ ఆ పోత ఇనుము గేర్ పెట్టెలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. కేస్, ఇంగర్సాల్ ట్రాక్టర్లు హైడ్రాలిక్ మోటారుతో నడుస్తాయి, లాగడంలో తక్కువేం కాదు.

ఒక హిచ్ నుంచి ఇంకోదానికి మార్చే అడాప్టర్లు అమ్ముతారు. గత్యంతరం లేనప్పుడు మాత్రమే తీసుకోండి. అడాప్టర్ నాగలిని నాలుగైదు అంగుళాలు వెనక్కి నెడుతుంది. దాంతో ఎత్తినప్పుడు ట్రాక్టర్ ముక్కు తేలిపోతుంది, స్టీరింగ్ నీళ్ళలో తిప్పినట్టుంటుంది. పైగా నాగలి ఎత్తు తగ్గి, మలుపు దగ్గర కర్రు గడ్డిని గీరుకుంటూ పోతుంది.

పాత నాగలి దగ్గర పెట్టుకోవాల్సిన పరీక్ష

రంగు చూసి మోసపోకండి. కొత్తగా వేసిన రంగంటే అనుమానించండి. వెంట ఒక రెండడుగుల ఇనుప స్కేలు తీసుకెళ్ళండి.

నాగలిని కాంక్రీటు మీద నిలబెట్టండి. ముందు కర్రు ముక్కు, వెనక ల్యాండ్‌సైడ్ మడమ, ఈ రెండే నేలను తాకాలి. మధ్యలో కింద సన్నని సందు ఉండాలి, 1/8 నుంచి 3/16 అంగుళం. అంటే రెండు మూడు పాత పోస్టు కార్డులు కాదు, పెన్సిల్‌లో సగం మందం. ఈ సందే నాగలిని భూమిలోకి లాగుతుంది. ఇప్పుడు స్కేలుని ల్యాండ్‌సైడ్ పొడవునా పక్కన ఆనించండి. ముక్కు దగ్గర, మడమ దగ్గర తగిలి మధ్యలో మళ్ళీ అంతే సందు కనిపించాలి. ఇది నాగలిని పక్కకు జారకుండా చాలు గోడకు పట్టి ఉంచేది. రెండు సందులూ పోయి అడుగు చదునుగా ఉంటే కర్రు అరిగిపోయింది. అలాంటి నాగలి మీద మనిషి నిలబడినా గట్టి నేలలోకి దిగదు, పైన స్కేటింగ్ చేస్తుంది. "లోతు దిగట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే, జనం మాత్రం హిచ్‌ని, ట్రాక్టర్‌ని తిడతారు.

అరిగిన కర్రు పెద్ద సమస్య కాదు. కొత్తది వేసుకోవచ్చు, లేదా వెల్డింగ్‌తో ముక్కు నింపించి సాన పట్టించుకోవచ్చు. మన ఊళ్ళో కమ్మరి కొలిమిలో కర్రు సాగగొట్టించినట్టే. కర్రును పట్టే బోల్టులు తల చదునుగా, మెడ నలుచదరంగా ఉండే ప్రత్యేకమైనవి. మామూలు షట్కోణం బోల్టు పెడితే తల బయటికి పొడుచుకొచ్చి మట్టి అక్కడే పేరుకుంటుంది. ల్యాండ్‌సైడ్ పట్టీ అరిగితే మార్చుకోవచ్చు. కానీ నాగలిని హిచ్‌కి కలిపే పొడవాటి దూలం వంగినా, వీటన్నిటినీ పట్టి ఉంచే మధ్య పోత పగిలినా నాగలి వదిలేయండి. పగులు సాధారణంగా బోల్టు రంధ్రం నుంచి మొదలవుతుంది. వైరు బ్రష్‌తో తుప్పు దులిపి టార్చి వేసి చూడండి.

రెక్క మీద గుంటలు పడ్డ తుప్పు ఉంటే మట్టి జారదు, అంటుకుపోతుంది. పైపై తుప్పు అయితే ఫ్లాప్ డిస్క్‌తో, ముందు 80 గ్రిట్, తర్వాత 120, మట్టి జారే దిశలోనే సాన పట్టండి. అడ్డంగా కాదు. రెక్క మీద ఎవరైనా రంగు వేసి ఉంటే మొత్తం తీసేయాలి. అందంగా ఉందని ఉంచితే మొదటి చాలులోనే మట్టి ముద్దలా పేరుకుని నాగలి కాస్తా పార అవుతుంది.

కోల్టర్ అంటే కర్రు ముందు పచ్చికను నిలువుగా కోసే గుండ్రటి కత్తి చక్రం. పాత నాగళ్ళతో అది రాదు. ఎప్పుడో ఎవరో విప్పేసి ఉంటారు. లాన్‌ని మొదటిసారి మడిగా మార్చాలంటే అది లేకుండా గడ్డి వేళ్ళు దుప్పటిలా చిరిగి దూలానికి చుట్టుకుంటాయి. ఇది విడిగా కొనాల్సి రావడమే పైన అర మార్కు కోత. ఏటా దున్నే మడిలో మాత్రం ఇది లేకపోయినా పనైపోతుంది. ఉంటే దాని ఇరుసు కర్రు ముక్కుకు కాస్త ముందుగా ఉండాలి, ల్యాండ్‌సైడ్ గీత కంటే అర అంగుళం ఎడమకు, 2 నుంచి 3 అంగుళాల లోతు. మరీ లోతుకు దింపితే బరువంతా చక్రం మోసి కర్రు తేలుతుంది.

బిగింపు, మొదటి చాలు

సర్దుబాటు పొలంలో కాదు, గరాజ్ నేల మీద చేసుకోవాలి. దున్నే లోతు 5 అంగుళాలు అనుకుంటే ఎడమవైపు రెండు చక్రాల కింద 5 అంగుళాల ఎత్తు చెక్క దిమ్మలు పెట్టండి. కుడి చక్రాలు చాలులో దిగినప్పుడు ట్రాక్టర్ ఎలా వాలుతుందో ఇప్పుడు అలాగే వాలింది. ఇలా వాలిన ట్రాక్టర్ వెనక నాగలి మాత్రం నిటారుగా నిలబడాలి, ల్యాండ్‌సైడ్ నేలకు సమాంతరంగా ఉండాలి. హిచ్ దగ్గరి బోల్టు వదులు చేసి నాగలిని తిప్పి బిగించండి. తర్వాత కర్రు ముక్కు మడమ కంటే వెంట్రుకవాసి కిందికి ఉండేలా చూసుకోండి. దిమ్మల మీద ట్రాక్టర్ ఉన్నంతసేపూ హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు వెనక చక్రాలకు అడ్డం పెట్టడం మర్చిపోకండి.

వెనక టైర్లలో గాలి 6 నుంచి 8 పీఎస్ఐ చాలు. లాన్ కోసం వేసిన నున్నటి టైర్లయితే గొలుసులు వేయండి. టైర్లలో కారు అద్దాలు కడిగే వాషర్ ఫ్లూయిడ్ నింపితే 8.50 టైరు ఒక్కోటి సుమారు 5 గాలన్లు పడుతుంది, 40 పౌండ్ల బరువొస్తుంది. కాల్షియం క్లోరైడ్ బరువెక్కువే, కానీ పాత రిమ్ములను తినేస్తుంది. ఇనుప బరువులు ఒకవైపే ఉంటే ఎడమ చక్రానికి వేయండి. ట్రాక్టర్ కుడికి వాలుతుంది కాబట్టి భారం కుడి టైరు మీద పడి ఎడమది తేలికై ఉత్తగా తిరుగుతుంది. రెండు వెనక చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్ దాన్ని తేలికైన చక్రానికే పంపుతుంది మరి.

కోహ్లర్ కె సిరీస్ సింగిల్ సిలిండర్ ఇంజిన్లలో ఆయిల్ పంపు ఉండదు, కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న చెంచా లాంటి ముక్క ఆయిల్‌ని చిమ్ముతుంది. 5 అంగుళాల చాలులో కుడి చక్రం దిగితే ట్రాక్టర్ సుమారు 10 డిగ్రీలు వాలి గంటసేపు నడుస్తుంది. ఆయిల్ తక్కువుంటే ఆ చెంచాకు అందదు. డిప్‌స్టిక్ మీద ఫుల్ గీత దాకా ఉండాలి, పని మధ్యలో ఒకసారి చూసుకోవాలి. కబ్ క్యాడెట్ హైడ్రోస్టాటిక్ మోడల్ అయితే వెనక పెట్టెలో హై-ట్రాన్ నూనె. దుకాణంలో వేరేది అంటగట్టాలని చూసినా ఒప్పుకోకండి.

ముందు పదును చూడండి. గుప్పెడు మట్టి పిసికి ముద్ద చేసి వేలితో తోస్తే పొడిగా విడిపోతే దుక్కికి పదును. ముద్ద అలాగే ఉండి వేలిముద్ర పడితే ఇంకా తడి ఆరాలి. తడిలో దున్నిన బంకమట్టి ఎండితే ఇటుకే, ఆ ఏడాదంతా బెడ్డలు పగలగొట్టుకోవడమే పని. చలి రాష్ట్రాల్లో ఈ నేలను శీతాకాలం ముందే తిరగేసి వదిలేస్తే మంచు గడ్డకట్టి కరగడంలో బెడ్డలు వాటంతటవే చితుకుతాయి. వసంతంలో ఒక్క టిల్లరు పట్టు చాలు.

దున్నేముందు 811కి ఫోన్ చేయడం అమెరికాలో ఎవరికైనా తప్పనిసరి అలవాటు. వాళ్ళొచ్చి గ్యాస్, కరెంటు గీతలు గుర్తు పెట్టి వెళతారు. మీ సొంత స్ప్రింక్లర్ పైపులు, కుక్క హద్దు దాటకుండా పాతిన తీగ మాత్రం వాళ్ళు చూడరు, అవి 5 అంగుళాల లోతులోనే ఉంటాయి. సెప్టిక్ డ్రెయిన్ ఉన్న చోట అసలు దున్నొద్దు.

మొదటి చాలుకు పక్కన చాలు లేదు కాబట్టి రెండు చక్రాలూ చదునుగా ఉంటాయి, మన గరాజ్ సర్దుబాటు దానికి సరిపోదు. అందుకే మొదటి చాలు 3 అంగుళాలే, దారం కట్టి తిన్నగా లాగండి. రెండో రౌండులో కుడి చక్రం అందులో దింపి పూర్తి లోతు. వేగం మనిషి నిదానంగా నడిచినంత, గంటకు 2 మైళ్ళు. మరీ నెమ్మదైతే పెళ్ళ బోర్లదు, నిలబడి ఉంటుంది. మరీ వేగమైతే మట్టి చిమ్ముకుపోతుంది, రాయి తగిలితే దూలం వంగుతుంది. ఈ నాగళ్ళకు రాయి తగిలినప్పుడు మడిచే స్ప్రింగు లేదు. వేరు పట్టి ట్రాక్టర్ ముందు చక్రాలు లేవడం మొదలైతే వెంటనే క్లచ్ తొక్కండి. ఇలా జరగకుండా ఉండాలంటే లాగే బిందువు ఎప్పుడూ వెనక ఇరుసు కంటే కిందనే ఉండాలి.

నిమిషానికి 176 అడుగులు, 10 అంగుళాల వెడల్పు, అంటే సుమారు 147 చదరపు అడుగులు. వెయ్యి చదరపు అడుగుల మడికి దున్నే సమయం 7 నిమిషాలే, మలుపులతో కలిపి పావుగంట. చివర్లలో తిరగడానికి కనీసం 8 అడుగులు వదలండి.

పెళ్ళ సరిగ్గా బోర్లకపోతే లోతు వెడల్పులో సగం దాటిందేమో చూడండి. 10 అంగుళాలదానికి 5 లోతే హద్దు. నాగలి ఎడమకు పారిపోతుంటే నిటారు తప్పింది, లేదా ల్యాండ్‌సైడ్ అరిగింది. చాలు అడుగు ఒకవైపు లోతు, ఒకవైపు పైకి మెట్టులా వస్తే దిమ్మల పని మళ్ళీ మొదలుపెట్టాలి.

పని అయ్యాక మట్టి గీరేసి, రెక్కకూ కర్రుకూ పాత గేర్ ఆయిలో గ్రీజో దట్టంగా పూసి, కర్రు నేలను తాకకుండా చెక్క మీద పెట్టండి. ఒక్క వాన రాత్రి బయట వదిలేసినా ఆ అద్దంలాంటి మెరుపు పోతుంది, మళ్ళీ తేవడానికి మూడు నాలుగు చాళ్ళు ఇసుక నేలలో లాగాల్సిందే.